ఎదురుచూసే ఇల్లు ఉంటే కథ ఆగదు: ప్రధాన్‌ల చరిత్ర నుంచి రాసేవాళ్లకి



మన గ్రూపులో రాసే తమ్ముళ్లు, చెల్లెళ్లు తరచూ అనే మాట ఇది: "రాద్దామని కూర్చుంటాం అన్నా, రెండు పేజీలయ్యాక మనసు రాదు. ఎవరు చదువుతారులే అనిపిస్తుంది." దీనికి జవాబు కోసం ఎక్కడో వెతకక్కర్లేదు. ఆదిలాబాద్ గోండు గూడేల్లో తరతరాలుగా కథని నిలబెట్టిన ప్రధాన్‌ల చరిత్ర చూస్తే చాలు.

ఒక్కో ప్రధాన్ కుటుంబానికి కొన్ని గోండు కుటుంబాలతో తాతల కాలం నుంచి సంబంధం ఉంటుంది. నలుగురు, అయిదుగురు, ఆరుగురు, ఏడుగురు దేవతల వాళ్లమని మనకి సగలు ఉన్నాయి కదా. ఏ సగ కథ ఆ సగ ప్రధాన్ చెప్పాలి. పెర్సపేన్ పూజకి ఆయన రావాలి, కిక్రి పట్టాలి. గుహలో బందీలుగా ఉన్నవాళ్లని పహండి కుపార్ లింగాల్ ఎలా విడిపించాడో, సగలు ఎలా ఏర్పడ్డాయో పాడాలి. చావు కార్యానికి కూడా రావాలి. బదులుగా ఆ ఇళ్లవాళ్లు ధాన్యం, పశువులు, బట్టలు ఇచ్చేవారు.

ఇక్కడ ఒకటి గమనించండి. "ఈ ఏడు నాకు చెప్పాలని లేదు" అని ప్రధాన్ అనడానికి వీల్లేదు. ఆయన రాకపోతే ఆ ఇంటి పూజే సాగదు. ఆయన పట్టుదల ఒంటరిగా ఆయన గుండెలోంచి పుట్టింది కాదు, ఎదురుచూసే ఇళ్లలోంచి వచ్చింది.

చెప్పే పద్ధతి కూడా చూడండి. కిక్రి మూడు తీగల వాయిద్యం, కమానుతో వాయిస్తారు. ఒకరు పాడుతుంటే పక్కవాళ్లు వంత అందుకుంటారు. వినేవాళ్లకి ఆ కథ ముందే తెలుసు, చిన్నప్పటి నుంచి విన్నదే. అయినా రాత్రంతా కూర్చుంటారు. ఎందుకంటే అందులో వాళ్ల ఇంటి పేరు ఉంటుంది, వాళ్ల దేవుడు ఉంటాడు, వాళ్ల పూర్వీకులు నడిచిన దారి ఉంటుంది. కొత్త మలుపు లేకపోతే కథ పండదని భయపడే మనవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి. సరైన పేరు సరైన చోట పడితే విన్న కథ కూడా మళ్లీ వినాలనిపిస్తుంది. ఇంకో విశేషం ఏంటంటే చాలామంది ప్రధాన్‌ల ఇంటి భాష మరాఠీ. కానీ మన కథ చెప్పేటప్పుడు గోండిలోనే చెబుతారు.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీం అమరుడయ్యాక, గోండుల పరిస్థితి తెలుసుకోవడానికి నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌ని పంపింది. ఆయన మార్లవాయిలో ఉండి ప్రధాన్‌లు చెప్పిన కథలు రాసుకున్నారు. 1948లో ఆదిలాబాద్ రాజ్‌గోండుల పురాణాలు, పూజల మీద ఆయన ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. అట్ట మీద పేరు ఆయనది, లోపలి కథలు మన గూడేల నోళ్లవి. ఆయన మీద మనకి గౌరవం ఉంది. మార్లవాయిలో ఆయన, ఎలిజబెత్ గారి సమాధుల దగ్గర ఇప్పటికీ నివాళి అర్పిస్తాం. కానీ తర్వాతి పుస్తకం మీద ఎవరి పేరు ఉండాలన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

మనకి రాత లేదన్న మాట కూడా నిజం కాదు. నార్నూర్ మండలం గుంజాలలో గోండి లిపిలో రాసిన పాత ప్రతులు దొరికాయి. అవి బయటపడేనాటికి ఆ లిపి చదవగలిగినవాళ్లు కొద్దిమంది పెద్దలే. ఆ పెద్దలు కూడా పోయి ఉంటే ఆ కాగితాలు మనకి గీతలుగానే మిగిలేవి. వాళ్ల దగ్గర నేర్చుకుని పిల్లలకి నేర్పారు కాబట్టి బతికింది. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది.

మరి కథ చెప్పేవాళ్లు ఎందుకు తగ్గారు? ప్రతిభ తగ్గి కాదు. బయటి నుంచి వచ్చినవాళ్ల చేతుల్లోకి గోండుల భూములు పోయాయి. పండించే ఇల్లు చితికితే ప్రధాన్‌కి పెట్టే ధాన్యమూ తగ్గింది. కొడుకులు కూలికి, చదువుకి వెళ్లారు, కిక్రి గోడకి వేలాడింది. వినే ఇల్లు చెదిరితే చెప్పే గొంతు కూడా ఆగుతుంది. మీ రెండు పేజీలు ఆగిపోయేది కూడా అందుకే.

అందుకని ముందు ఒక ఇల్లు చూసుకోండి. లోకమంతా చదవాలని అనుకోకండి. హాస్టల్ గదిలో నలుగురు చాలు, ఆదివారం రాత్రి చదువుతానని మాటివ్వండి. మాటిస్తే రాస్తారు. సెలవులకి ఊరెళ్లినప్పుడు ఒక పెద్దమనిషి దగ్గర ఒక్క కథ ఫోన్‌లో రికార్డు చేయండి, ఆయన ఒప్పుకున్నాకే. చెప్పినవాళ్ల పేరు, ఊరు, సగ, తేదీ పైన రాయండి, మీ పేరు కింద రాయండి. ఊరికే వినేసి రాకండి, ప్రధాన్‌కి ఇచ్చినట్టే చేతనైనది ఇచ్చి రండి.

రాయడం అయ్యాక మళ్లీ వెళ్లి ఆయనకే చదివి వినిపించండి. తప్పుంటే మధ్యలోనే ఆపుతారు. అక్కడ దిద్దుకుని ముందుకి చదవండి.