మిజాజ్ అంటే తలరాత కాదు: ఇబ్నె సీనా 'అల్ ఖానూన్' ఏం చెబుతోంది?

"మిజాజ్ కైసే హైఁ?" అని అడగడం మనకు అలవాటే. ఆ మాట వెనుక పెద్ద వైద్య శాస్త్రమే ఉంది. దాన్ని ఒక పద్ధతిలో పెట్టి రాసిన గ్రంథాల్లో పేరున్నది ఇబ్నె సీనా రాసిన 'అల్ ఖానూన్ ఫిత్ తిబ్'.

రచయిత, గ్రంథం

ఇబ్నె సీనా 980 ప్రాంతంలో బుఖారా దగ్గర పుట్టారు, 1037లో హమదాన్‌లో చనిపోయారు. ఖానూన్ అరబ్బీలో 5 భాగాల గ్రంథం. మిజాజ్, అఖ్లాత్ సంగతులన్నీ మొదటి భాగంలోనే వస్తాయి. నాలుగు ద్రవాల సిద్ధాంతం ఆయన కనిపెట్టింది కాదు. గ్రీకు హకీములు బుఖ్రాత్ (హిప్పోక్రటీస్), జాలీనూస్ (గాలెన్) నుంచి వచ్చింది. 'యునానీ' అనే పేరు కూడా అందుకే.

12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలేడోలో దీన్ని లాటిన్‌లోకి అనువదించారు. తర్వాత కొన్ని వందల ఏళ్లు యూరప్ యూనివర్సిటీల్లో ఇది పాఠ్యపుస్తకం. అరబ్బీ మూలం మొదట అచ్చయింది కూడా 1593లో, రోమ్‌లోని మెడిచీ ప్రెస్‌లో. ఆ ప్రతులు ఇప్పుడు చాలా అరుదు. బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీ తన దగ్గరున్న ప్రతిని స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది.

నాలుగు అఖ్లాత్

ఖూన్ (రక్తం): వేడి, తేమ. ఇది ఎక్కువున్నవారు దమవీ, అంటే హుషారు మనుషులు.
బల్గం (కఫం): చల్లన, తేమ. వీరు బల్గమీ, నిదానస్తులు.
సఫ్రా (పసుపు పిత్తం): వేడి, పొడి. వీరు సఫ్రావీ, కోపం త్వరగా వస్తుంది.
సౌదా (నల్ల పిత్తం): చల్లన, పొడి. వీరు సౌదావీ, దిగులు ఎక్కువ.

'మాలిఖోలియా' అనే మాటకు గ్రీకులో అర్థం నల్ల పిత్తమే.

మనం మరిచిపోయే విషయం

"మా వాడు సఫ్రావీ, కోపం పోదు", "కొత్త కోడలు బల్గమీ, పని తెమలదు" అని ఇళ్లల్లో ముద్ర వేసేస్తుంటాం. ఖానూన్ అలా చెప్పదు. మిజాజ్ వయసుతో మారుతుంది. పిల్లల ఒంట్లో వేడి, తేమ ఎక్కువ. ముసలితనంలో చల్లదనం, పొడి ఎక్కువ. ఊరు, వాతావరణం బట్టి కూడా మారుతుంది. హిందూస్తాన్ వాళ్లకు ఆరోగ్యమైన మిజాజ్ ఒకటి, ఉత్తరాన చలి దేశాల స్లావ్ జాతి వాళ్లకు ఇంకొకటి అని ఇబ్నె సీనా రాశారు. ఒకరిది ఇంకొకరికి వస్తే జబ్బే అన్నారు.

మిజాజ్ తెలుసుకోడానికి 10 రకాల గుర్తులు చూడాలని చెప్పారు. ఒళ్లు ముట్టుకుంటే ఎలా ఉంది, కండ, కొవ్వు, వెంట్రుకలు, రంగు, నిద్ర ఇవన్నీ అందులో ఉన్నాయి. స్వభావం వాటిలో ఒకటి మాత్రమే. అంటే కోపం ఒక్కటి చూసి ఎవరి మిజాజ్ ఏదో తేల్చేయడం హకీంల పద్ధతి కూడా కాదు. గాలి, తిండి, పని–విశ్రాంతి, నిద్ర, మనసు, విసర్జన ఇవి సరిచేసుకుంటే మిజాజ్ కూడా దారికి వస్తుందని యునానీ నమ్మకం.

ఈ రోజు దీని విలువ ఎంత?

శరీరం నాలుగు ద్రవాల మీద నడుస్తుందన్న మాటను ఆధునిక వైద్యం ఒప్పుకోదు. 1628లో విలియం హార్వే రక్తం ఒళ్లంతా తిరిగే తీరు చూపించారు. 1858లో విర్షో జబ్బుకు మూలం కణాల్లో వెతకాలన్నారు. కానీ చరిత్రగా ఖానూన్ విలువ తగ్గలేదు. యునానీ చదువుల్లో మిజాజ్ ఇప్పటికీ పాఠమే. హైదరాబాద్‌లో చార్మినార్ పక్కనే ఉన్న నిజామియా తిబ్బీ కాలేజీలో కూడా ఆ చదువే.

యునానీకి వెళ్లేవాళ్లు డిగ్రీ, రిజిస్ట్రేషన్ ఉన్న డాక్టర్ దగ్గరికే వెళ్లాలి. షుగర్, బీపీ మందులు సొంతంగా ఆపేయకూడదు, వాడుతున్న మందులన్నీ ఆ డాక్టర్‌కు చెప్పాలి. ఎవరికైనా దిగులు వారాల తరబడి వదలకపోతే "సౌదావీ మిజాజ్‌లే" అని ఊరుకోవద్దు. మానసిక వైద్యుడికి చూపించండి. ఇబ్నె సీనా కూడా మాలిఖోలియాను స్వభావమని వదిలేయలేదు, జబ్బుల భాగంలో పెట్టి చికిత్స రాశారు.