జయపూరు సీమ వరి వంగడములు

జయపూరు సంస్థానము ఆంధ్రులకు క్రొత్తది కాదు. 1936లో ఒరిస్సా రాష్ట్రము ఏర్పడు వఱకు అది మద్రాసు రాజధానిలోని విశాఖపట్టణము జిల్లాలో చేరియుండెను. ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు విశేష ధనసహాయ మొనర్చిన విక్రమదేవవర్మ ఆ సంస్థానాధీశుడే. ఆ సీమకు మఱియొక ప్రఖ్యాతియు కలదు. వరిజాతి బహురూపములు దాల్చిన తావులలో అది యొకటి.

1946లో కటకమున స్థాపితమైన కేంద్ర వరి పరిశోధన సంస్థ 1955–60 నడుమ ఆ మన్యమును గాలించి 1745 వంగడములను సేకరించెను. గదబలు, పరజలు, భూమియాలు మొదలగువారు మెట్ట కొకటి, నడిమి భూమి కొకటి, పల్లమున కొకటిగా ఏర్పఱచుకొని తరతరములుగా కాపాడిన సంపద యది.

ఇన్ని రకము లెట్లు పుట్టెను? వరి చాలవఱకు తన పుప్పొడితోనే గింజకట్టును. కావున కలిగిన మార్పు సంతతిలో స్థిరపడును. అప్పుడప్పుడు గట్ల ప్రక్కనుండు అడవి వరితో సంకరము జరిగి క్రొత్త కలయికలు పుట్టును. రైతు వానిలో తన నేలకు తగినదాని నేఱుకొనును.

అడవి వరులలోను ఇట్టి క్రమమే కనబడును. ఒరైజా రూఫిపోగాన్ నీరు తఱుగని లోతు పల్లములలో ఏండ్ల తరబడి బ్రతుకును. వేసవిలో ఎండిపోవు గుంటలలోని నివ్వరి ఒక్క యేటిలోనే పూచి, విత్తు రాల్చి చచ్చును. రెంటికిని 24 క్రోమోజోములే. అయినను పూచు కాలములు వేఱగుటచే కలయిక తగ్గును. జాతులు విడిపోవుట కిది యొక మార్గము. 1965లో శర్మ, శాస్త్రి అను శాస్త్రజ్ఞులు నివ్వరిని ప్రత్యేకజాతిగా వర్ణించి ‘ఒరైజా నివారా’ అని పేరిడిరి.

2005లో వరి జన్యుక్రమము వెల్లడియయ్యెను. గింజ రాలకుండుటకు ఒక జన్యువులో ఒక్క అక్షరము మారుట ముఖ్యకారణమని 2006లో తేలెను. ఎఱ్ఱబియ్యము తెల్లనగుటకు వేఱొక జన్యువులో 14 అక్షరములు లోపించుట కారణమనియు ఆ యేడే తెలిసెను. తెల్లబియ్యపు రకములలో అత్యధికము లకు అదే లోపము కలదు. అనగా ఒకచోట పుట్టిన మార్పు విత్తనముల వెంటను, సంకరముల వెంటను దూరసీమలకు ప్రాకినది.

మొక్కను గడ్డివలె గిడసబార్చు వైరసు తెగులునకు వేలాది రకములు పరీక్షింపగా, ఉత్తరప్రదేశమునుండి సేకరించిన నివ్వరియందే నిరోధశక్తి దొరకెను. 1976లో ఫిలిప్పీన్సులో విడుదలయైన ఐ.ఆర్. 36 వంగడమునకు ఆ శక్తి నివ్వరి యిచ్చినదే. పనికిరాదనుకొన్న గడ్డి కోట్లమంది పంటను నిలిపినది.

2012లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ కోరాపుట్టు సేద్యమును ప్రపంచ వారసత్వముగా గుర్తించెను. కాని నాటి వంగడములలో అనేకములు నేడు పొలములలో లేవు. శీతల గిడ్డంగిలో విత్తనము బ్రతుకును గాని క్రొత్త నేలకు, క్రొత్త తెగులునకు ఒదుగుట నేర్వదు. పేరు మఱచిన విత్తనమును అడుగువారుండరు. ఆ సీమలోని తెలుగు కుటుంబములు పెద్దల నోట మిగిలిన వడ్ల పేర్లను, అవి పండిన నేలలను వ్రాసి యుంచుట నేడే చేయవలసిన పని.