నిర్మాణ విశ్లేషణలో వంపు ఉపరితలాలు, గ్రిడ్‌లు

గుమ్మటాలు, కూలింగ్ టవర్లు, అర్ధచంద్రాకారపు పైకప్పుల వంటి కట్టడాల బలాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టడానికి వాటి ఉపరితలాన్ని చిన్న ముక్కలుగా విడగొడతారు. ఈ ముక్కలు షెల్ ఎలిమెంట్లు, అవి కలిసే బిందువులు నోడ్‌లు, మొత్తం అల్లిక మెష్. గ్రిడ్ వేరు. నోడ్‌లను ఎక్కడ పెట్టాలో చూపే ఆధార రేఖలే గ్రిడ్. వాటికి బరువూ లేదు, బలమూ లేదు. అయినా మెష్ బాగోగులు చాలావరకు గ్రిడ్ దగ్గరే తేలిపోతాయి. గుండ్రటి ట్యాంకుకు అడ్డం నిలువు గీతల గ్రిడ్ వేస్తే అంచుల్లో వంకర ముక్కలు మిగులుతాయి. శాప్2000 వంటి సాఫ్ట్‌వేర్‌లో ఉన్న స్థూపాకార గ్రిడ్‌లో వ్యాసార్ధం, కోణం, ఎత్తు ఇస్తే నోడ్‌లు సరిగ్గా వంపు మీదే పడతాయి.

నోడ్‌లు వంపు మీద ఉన్నా, వాడుకలో ఉన్న షెల్ ఎలిమెంట్లలో చాలావాటి ముఖం చదునే. అంటే చాపం స్థానంలో జ్యా వచ్చి చేరుతుంది. దీని ప్రభావం ఎంతో చూడటానికి స్కోర్డెలిస్–లో పైకప్పు అనే నమూనా సమస్యను మించిన ఉదాహరణ లేదు. 1964లో ప్రచురితమైన ఈ సమస్యను మెక్‌నీల్, హార్డర్ 1985లో ప్రతిపాదించిన ప్రామాణిక పరీక్షల్లో చేర్చారు. పొడవు 50 అడుగులు, వ్యాసార్ధం 25 అడుగులు, మందం 3 అంగుళాలు, వంపు మొత్తం 80 డిగ్రీలు. వంపు తిరిగిన రెండు చివరలకే ఆధారం ఉంటుంది, పక్క అంచులు స్వేచ్ఛగా ఉంటాయి. చదరపు అడుగుకు 90 పౌండ్ల బరువు మోపితే పక్క అంచు నడిమి బిందువు 0.3024 అడుగులు కిందికి దిగాలి. ఈ వంపును 8 ముక్కలు చేస్తే చాపానికీ జ్యాకీ నడుమ ఎడం సుమారు 1.1 అంగుళాలు, అంటే మందంలో మూడో వంతుకు పైనే. 16 ముక్కలు చేస్తే ఆ ఎడం ఇందులో నాలుగో వంతుకు తగ్గుతుంది. అందుకే ఒకే మెష్‌తో వచ్చిన జవాబును నమ్మకూడదు. ముక్కల సంఖ్య రెట్టింపు చేసి, కదలిక స్థిరపడిందో లేదో తప్పక చూడాలి.

రెండు దిశల్లో వంగిన ఉపరితలం మీద మరో చిక్కు ఉంది. అక్కడ నాలుగు నోడ్‌లు ఒకే తలంలో ఉండకపోవచ్చు, ముక్క మెలితిరుగుతుంది. త్రిభుజాలకు ఈ బెడద లేదు, కానీ సాధారణ త్రిభుజ ఎలిమెంట్లు చతుర్భుజాలకన్నా బిరుసుగా ప్రవర్తిస్తాయి. గుమ్మటం కొసన గ్రిడ్ రేఖలన్నీ ఒక్క బిందువులో కలవడంతో సూదుల్లాంటి త్రిభుజాలు పుడతాయి; అక్కడ మెష్ తీరు మార్చడం మేలు.

ఫలితాలు చదివేముందు ప్రతి ఎలిమెంటు స్థానిక అక్షాలూ ఒకే వరుసలో ఉన్నాయో లేదో చూసుకోవాలి. లేకపోతే పక్కపక్క ముక్కల్లో చుట్టు దిశ బలం, నిలువు దిశ బలం తారుమారై కనిపిస్తాయి. బరువుల విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం: స్వీయభారం ఉపరితల వైశాల్యం మీద పడుతుంది, పైకప్పు మీది లైవ్ లోడ్‌ను మామూలుగా ప్లాన్ వైశాల్యం మీద లెక్కిస్తారు. 60 డిగ్రీల వాలు ఉన్నచోట ఉపరితల వైశాల్యం ప్లాన్ వైశాల్యానికి రెట్టింపు.