కొండ ఎక్కే దారి, కాలికి కట్టే పలక: ఆల్ప్స్ స్కీ సెలవుల చరిత్ర

మంచు మీద జారడానికి రెండు కాళ్లకూ కట్టుకునే, ముందు కొన పైకి వంగిన పొడవాటి పలకను స్కీ అంటారు. స్కాండినేవియా చిత్తడి నేలల్లో బయటపడిన పాత పలకలను, నార్వే తీరంలోని రాతి చెక్కడాలను బట్టి చూస్తే ఈ సాధనం వయస్సు నాలుగు వేల ఏళ్లకు పైమాటే. దానితో సెలవులు గడిపే ఆచారం మాత్రం నిన్న మొన్నటిది. వేటకూ, పొరుగూరికి పోవడానికీ, సైన్యం కదలికలకూ తరతరాలుగా ఉపయోగపడిన పనిముట్టు పందొమ్మిదో శతాబ్ది చివర విహారయాత్రికుల చేతికి వచ్చింది. ఆ తరువాత గడిచిన నూట ముప్పై ఏళ్లలో దాని ఆకారం, కట్టు, దానితో వేసుకునే బూటు గుర్తుపట్టలేనంతగా మారిపోయాయి. ఈ మార్పును పందేల చరిత్రగా, వీరుల చరిత్రగా చెప్పడం పరిపాటి. పనిముట్లను దగ్గరగా పరిశీలించినవారికి మరో కారణం కనిపిస్తుంది. యాత్రికుడు కొండపైకి ఎలా చేరుకున్నాడన్నదే, దిగేటప్పుడు అతని కాలికి ఏమి ఉండాలో ప్రతి దశలోనూ నిర్ణయించింది.

నార్వేలోని టెలిమార్క్ ప్రాంతం ఈ కథకు మొదలు. అంతవరకు స్కీని కాలి వేళ్ల దగ్గర ఒక తోలుపట్టీతో మాత్రమే బిగించేవారు. మడమ పూర్తిగా వదులుగా ఉండడంతో చదును నేల మీద నడకకు అది చాలినా, వాలులో మలుపు తిరగడానికీ గెంతడానికీ పనికిరాదు. మోర్గెడాల్ గ్రామానికి చెందిన సోండ్రె నోర్‌హైమ్ (1825–1897) సన్నని కొమ్మలను మెలిపెట్టి మడమ చుట్టూ తిప్పి కట్టే పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు. దాంతో మడమ లేస్తుంది గాని పలక కాలిని వదిలిపోదు. పలక నడుమ భాగాన్ని కాస్త సన్నగా చెక్కడం వల్ల మలుపు తేలికైంది. పేద కౌలు కుటుంబంలో పుట్టిన ఈ మనిషి 1868లో క్రిస్టియానియాలో, అంటే నేటి ఓస్లోలో, జరిగిన పోటీలో రాజధాని జనాన్ని అబ్బురపరిచి, 1884లో అమెరికాకు వలసపోయి, డకోటా మైదానాలలో కన్నుమూశాడు. 1888లో నార్వే అన్వేషకుడు ఫ్రిత్యోఫ్ నాన్సెన్ గ్రీన్‌లాండ్‌ను స్కీల మీద దాటి, ఆ యాత్రను గ్రంథంగా వెలువరించిన తరువాత మధ్య యూరప్ ఈ పలకల వైపు తలతిప్పింది.

ఆల్ప్స్ పర్వతాలు అప్పటికి వేసవి విహారానికే పేరు పొందాయి. స్విట్జర్లాండ్‌లోని సెయింట్ మోరిట్జ్‌లో హోటలు నడిపిన యోహానెస్ బాడ్రుట్ 1864లో తన ఇంగ్లీషు అతిథులను, శీతకాలంలో వచ్చి చూడండి, నచ్చకపోతే ప్రయాణ ఖర్చు నాది అని పందెం కట్టి రప్పించాడని చెప్పుకుంటారు. అదే దేశంలోని దావోస్‌కు శీతకాలంలో జనం వచ్చింది మాత్రం ఆట కోసం కాదు, క్షయ చికిత్స కోసం. పొడిగాలి, ఎండ ఊపిరితిత్తులకు మేలు చేస్తాయని నాటి వైద్యులు నమ్మేవారు. భార్య జబ్బు కారణంగా అక్కడికి చేరిన ఇంగ్లీషు రచయిత ఆర్థర్ కానన్ డాయిల్ 1894 మార్చిలో, బ్రాంగర్ సోదరులనే స్థానికులు దారి చూపగా, కనుమ దాటి దావోస్ నుంచి అరోసాకు స్కీల మీద వెళ్లి, ఆ ఏడాదే స్ట్రాండ్ పత్రికలో దాని గురించి రాశాడు. ఎన్నటికీ అరగదని దర్జీ హామీ ఇచ్చిన హారిస్ ట్వీడ్ ఉన్నిబట్ట, వాలు మీద కూర్చుని జారేసరికి దారి పొడవునా అరిగిపోయిందని అందులో చెప్పాడు. స్కీకి తగిన దుస్తులంటూ అప్పటికి లేవు. వేటకు వేసుకునే ఉన్నిబట్టలతోనే మగవారు, నేల జీరాడే పావడాలతోనే ఆడవారు మంచులోకి దిగేవారు. ఉన్నికి మంచు అంటుకుని, కరిగి, బట్ట తడిసి బరువెక్కేది.

నార్వే మెత్తని గుట్టలకు అలవాటుపడిన పొడవు పలకలు ఆల్ప్స్ నిట్రవాలులలో ఇబ్బంది పెట్టాయి. ఆస్ట్రియాలోని లిలియన్‌ఫెల్డ్‌లో మథియాస్ జ్డార్‌స్కీ పలక పొడవు తగ్గించి, లోహపు బైండింగ్‌ను రూపొందించి, నిట్రవాలును మలుపులతో దిగే పద్ధతిని 1890లలో పుస్తకంగా రాసి వేలమందికి నేర్పాడు. బూటును స్కీకి పట్టి ఉంచే అమరికను బైండింగ్ అంటారు. ఇక మీదటి చరిత్రలో ఎక్కువ భాగం ఈ చిన్న అమరికదే.

ప్రయాణ ఏర్పాట్ల విషయానికి వస్తే ముందు చెప్పుకోవలసిన పేరు హెన్రీ లన్. మెథడిస్టు మిషనరీ వైద్యుడిగా 1887లో దక్షిణ భారతానికి వచ్చిన ఇతడు ఆరోగ్యం దెబ్బతిని త్వరలోనే ఇంగ్లండుకు తిరిగిపోయాడు. క్రైస్తవ శాఖల ఐక్యత కోసం 1892 నుంచి స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్వాల్డ్‌లో సభలు జరిపి, ఆ సభలకు జనాన్ని తరలించే పనిలోనే రైలు టిక్కెట్లు, హోటలు గదులు టోకున మాట్లాడే వ్యాపార కిటుకు పట్టుకున్నాడు. లాటర్‌బ్రూనెన్ లోయకు ఎగువన, కొండ అంచున నిలిచిన మ్యూరెన్ గ్రామానికి 1891లోనే రైలు వచ్చినా అది వేసవిలోనే నడిచేది. 1910–11 శీతకాలంలో లన్ తన యాత్రికులను చూపించి ఆ రైలును మంచులోనూ నడిపించడానికి కంపెనీని ఒప్పించాడు. వేసవి కోసం వేసిన పట్టాల మీద శీతకాలపు సెలవు నిలబడింది. రైలు నడవని ఊరిలో ఎంత మంచి వాలు ఉన్నా సెలవుకు వచ్చేవారు లేరన్నది ఆ దశాబ్దం నేర్పిన సత్యం.

ఊరికి రైలు వచ్చింది గాని, ఊరి నుంచి శిఖరానికి కాలినడకే గతి. స్కీ అడుగున సీల్ అనే సముద్ర జంతువు చర్మాన్ని వెంట్రుకలు వెనక్కి వాలేట్టు కట్టేవారు. ముందుకు నెట్టినప్పుడు జారి, వెనక్కి జారబోతే మంచును పట్టుకునే ఆ చర్మం సాయంతో గంటల తరబడి ఎక్కి, ఒక్కసారి దిగేవారు. 1911 జనవరిలో స్విట్జర్లాండ్‌లోని మోంటానాలో హెన్రీ కుమారుడు ఆర్నాల్డ్ లన్ నిర్వహించిన పందెంలో పాల్గొన్నవారు ముందురోజే నడిచి ఎక్కి, కొండ మీది విడిదిలో రాత్రి గడిపి, మర్నాడు హిమానీనదం మీదుగా దిగారు. రోజులో ఎక్కువ సేపు ఎక్కడానికే పోయేటప్పుడు మడమ లేచే బైండింగ్, చీలమండ ఆడే మెత్తని తోలు బూటు, వీపున సంచి తప్పనిసరి.

ఆ పందెంలో ఇచ్చిన కప్పుకు రాబర్ట్స్ ఆఫ్ కాందహార్ అన్న పేరు. 1880లో కాబూల్ నుంచి కాందహార్‌కు సేనను నడిపించి, మరుసటి ఏడాది నుంచి మద్రాసు సైన్యానికి అధిపతిగా ఉన్న లార్డ్ రాబర్ట్సే దాని దాత. కప్పు నెలకొల్పించిన ఆర్నాల్డ్ లన్ 1888లో మద్రాసు నగరంలోనే పుట్టాడు. కోస్తా, రాయలసీమ జిల్లాలకు అప్పట్లో రాజధాని అయిన ఆ ఉక్కపోత నగరానికి ఆల్ప్స్ స్కీతో ఇంత దగ్గరి చుట్టరికం ఉందని తెలుగు పాఠకులలో కొద్దిమందికే తెలుసు. జెండా కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్లాలోమ్ పందేన్ని నేటి రూపంలో 1922లో మ్యూరెన్‌లో జరిపించినవాడూ, 1924లో అక్కడ కాందహార్ స్కీ క్లబ్బు స్థాపించినవాడూ, 1928లో ఆస్ట్రియా శిక్షకుడు హానెస్ ష్నైడర్‌తో కలిసి సెయింట్ ఆంటన్‌లో ఆర్ల్‌బర్గ్–కాందహార్ పందేలు ప్రారంభించినవాడూ ఆర్నాల్డే.

1930 ప్రాంతంలో స్విట్జర్లాండ్‌కు చెందిన గిడో రాయ్‌గె తయారుచేసిన బైండింగ్‌కు సైతం కాందహార్ పేరే స్థిరపడింది. మడమ వెనుక నుంచి ఒక ఉక్కు తీగ చుట్టివచ్చి, బూటు ముందున్న మీటతో బిగుస్తుంది. స్కీ పక్కల చిన్న కొక్కేలు ఉంటాయి. తీగను కొక్కేల కిందికి తోస్తే మడమ పలకకు అంటుకుపోయి దిగడానికి పట్టు దొరుకుతుంది, కొక్కేల నుంచి తప్పిస్తే మడమ లేచి ఎక్కడానికి వీలవుతుంది. ఎక్కే కాలానికీ దిగే కాలానికీ నడుమ నిలిచిన పరికరం ఇది, రెంటికీ పనికివచ్చింది. అదే రోజుల్లో సాల్జ్‌బర్గ్ వాసి రుడాల్ఫ్ లెట్నర్ పలక అంచులకు ఉక్కు రేకులు బిగించడంతో గట్టిపడిన మంచు మీదా జారిపోకుండా నిలవడం సాధ్యమైంది.

తరువాతి మలుపు యంత్రాలది. 1934 డిసెంబరులో దావోస్‌లోని బోల్గెన్ వాలు మీద ఎర్నెస్ట్ కాన్‌స్టామ్ రూపొందించిన లిఫ్టు మనుషులను కదిలే తాడుతో పైకి లాగసాగింది. 1936లో అమెరికాలోని సన్ వ్యాలీలో యూనియన్ పసిఫిక్ రైల్వే కంపెనీ మొదటి చెయిర్‌లిఫ్టును నెలకొల్పింది. ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే కొక్కేల తీగను అంతకు ముందు చూసిన ఇంజనీరు జిమ్ కరన్, కొక్కేల చోట కుర్చీలు అమర్చాడు. రోజుకు ఒకసారి దిగిన మనిషి ఇప్పుడు పదిసార్లు, ఇరవైసార్లు దిగాడు. ఎక్కే పని తప్పడంతో మడమ ఎప్పుడూ బిగిసే ఉండసాగింది, పడినప్పుడు పొడవాటి పలక మెలితిరిగి కాలి ఎముకను విరిచేది. నార్వే నుంచి అమెరికాకు వచ్చిన యాల్మార్ వామ్ 1930ల చివర తన కాలే విరిగి ఆసుపత్రిలో పడివున్నప్పుడు, పరిమితికి మించిన ఒత్తిడి వస్తే బూటును దానంతటదే వదిలేసే బైండింగ్‌కు ఊహాచిత్రం గీశాడు. ఈ చరిత్ర మొత్తంలో మనుషులకు ఎక్కువ మేలు చేసిన కల్పన ఇదే అనడం అతిశయోక్తి కాదు.

ఆపై మార్పులు వేగంగా వచ్చాయి. విమాన నిర్మాణంలో పనిచేసిన హోవర్డ్ హెడ్ 1950లో అల్యూమినియం పొరల స్కీని అమ్మకానికి తెచ్చాడు, 1960లలో బాబ్ లాంగె ప్లాస్టిక్ బూట్లు తోలును పక్కకు నెట్టాయి, 1990లలో నడుము మరింత సన్నబడిన పొట్టి స్కీలు కొత్తవారికి మలుపు తిరగడం సులువు చేశాయి.

భారతదేశంలో ఈ ఆచారం కాశ్మీరులోని గుల్మార్గ్‌లో వేళ్లూనింది. బ్రిటిష్ అధికారులు 1927లో అక్కడ స్కీ క్లబ్ ఆఫ్ ఇండియా నెలకొల్పారు. 1998లో గొండోలా, అంటే తీగ మీద నడిచే మూసిన పెట్టెల వాహనం, కొంగ్డూరి వరకు, 2005లో అఫర్‌వట్ కొండ భుజం దాకా, సుమారు 3,900 మీటర్ల ఎత్తుకు, నడవసాగిన తరువాతనే ఆ ఊరు విదేశీ స్కీయర్ల దృష్టిలో పడింది. మ్యూరెన్‌లో రైలు చేసిన పని ఇక్కడ తీగ చేసింది. హైదరాబాదు నుంచో విశాఖపట్నం నుంచో మొదటిసారి వెళ్లేవారు స్కీలు కొని మోసుకుపోనవసరం లేదు, అక్కడ అద్దెకు దొరుకుతాయి. లోపల చెమటను పీల్చి బయటికి పంపే పలుచని బట్ట, నడుమ ఉన్ని, పైన నీరు చొరని కోటు, రెండు జతల చేతి తొడుగులు, మంచు మీది ఎండకు తగిన కళ్లద్దాలు వెంట ఉంచుకుంటే చాలు. నూలు బట్ట తడిస్తే ఆరదు కాబట్టి ఒంటికి తగిలే పొరగా అది పనికిరాదు. బూటును ఒకే ఒక జత మేజోళ్లతో వేసుకుని, మోకాలు ముందుకు వంచినప్పుడు మడమ లేవకుండా ఉందో లేదో చూసుకోవాలి. బైండింగ్ ఎంత ఒత్తిడికి విడిపోవాలన్నది మనిషి బరువు, ఎత్తు, వయస్సు, బూటు అడుగు పొడవు, నైపుణ్యం లెక్కగట్టి బిగిస్తారు గనుక, అద్దె దుకాణంలో అడిగినప్పుడు బరువు తగ్గించి గాని నేర్పు పెంచి గాని చెప్పవద్దు.