సేనాపురోహితుని టోపీ



సేనలవెంట పురోహితులుండుట ప్రాచీనాచారము. పాండవులు అరణ్యమునకు పోవునప్పుడు సైతము ధౌమ్యుడు వారిని విడువలేదు. అయితే ధర్మరాజు ధౌమ్యునకు నెలజీతము కట్టలేదు, ఆయన యెట్టి వస్త్రము ధరింపవలెనో నిర్ణయింపలేదు. ఆధునిక సేనలలోని పురోహితుని స్థితి వేఱు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో అతనిని చాప్లెను అందురు. 1775వ సంవత్సరము జూలై 29వ తేదీన, స్వాతంత్ర్యప్రకటనకు పూర్వమే, వారి కాంగ్రెసు, అనగా వారి ప్రతినిధిసభ, చాప్లెనునకు నెలకు 20 డాలర్ల జీత మేర్పఱచెను. అది ఆనాటి కాప్టెను జీతముతో సమానము. నేటికిని చాప్లెనునకు అధికారి హోదా కలదు, అధికారి యుడుపు కలదు. ఆయుధము లేదు, దళమును నడపు అధికారము లేదు. ఒకే మనుష్యుడు దైవమునకును సేనకును గూడ కట్టుబడినవాడు. ఈ రెండు కట్టుబాట్లును ఒరసికొన్నప్పు డేమి జరిగెనో, ఒక చిన్న గుడ్డటోపీ చరిత్రమూలమున నేడు మనవి చేసెదను.

ఆ టోపీ యూదులది. దానిని కిప్పా యందురు. అరచేయంత గుడ్డ, నడినెత్తిమీద నిలుచును. తమకు పైన దైవము కలడను స్మరణకొఱకు నిష్ఠాపరులైన యూదు పురుషులు దానిని పగలెల్ల ధరింతురు. మనకు బొట్టు ఎట్టిదో వారికది యట్టిదని నా తలంపు.

అమెరికా సేనలో యూదు పురోహితునకు తావు దొరకుటయే మొదట కష్టమైనది. 1861లో అంతర్యుద్ధము పుట్టినప్పుడు చేసిన శాసనము ప్రకారము చాప్లెను ఏదో యొక క్రైస్తవశాఖలో దీక్ష పొందినవాడై యుండవలెను. పెన్సిల్వేనియా ఆశ్వికదళ మొకటి ఆర్నోల్డ్ ఫిషెల్ అను యూదు పండితుని కోరుకొనగా యుద్ధమంత్రి కాదనెను. ఫిషెల్ ఆ సంవత్సరము డిసెంబరులో అధ్యక్షుడైన లింకనును స్వయముగా దర్శించి మొఱపెట్టుకొనెను. 1862 జూలైలో శాసనము మాఱినది. సెప్టెంబరులో జేకబ్ ఫ్రాంకెల్ అను నాతడు ప్రథమ యూదు చాప్లెను ఆయెను. ఇట్లు మనిషికి తావు దొరకినది. అతని టోపీకి దొరకుటకు మఱి నూఱేండ్లకు పైబడి పట్టినది.

సిమ్హా గోల్డ్‌మన్ అనునతడు రబ్బీ, అనగా యూదు మతగురువు. 1970 మొదలు 1972 వఱకు నౌకాదళములో చాప్లెనుగా నుండెను. పిమ్మట మనశ్శాస్త్రము చదివి, వైమానికదళములో కాప్టెను హోదాతో కాలిఫోర్నియా రాష్ట్రమందలి మార్చ్ స్థావరపు ఆసుపత్రిలో చేరెను. వైద్యశాలలో కిప్పాతోనే పనిచేయుచు, ఆరుబయట దానిపై సైనికపు టోపీ పెట్టుకొనుచు, కొన్ని యేండ్లు ఎవరి కంటను పడక కాలము గడపెను. 1981లో ఒక సైనిక న్యాయస్థానమున ముద్దాయి పక్షమున సాక్ష్యము చెప్పవలసి వచ్చెను. ఎదుటిపక్షపు న్యాయవాది ఆయన తలమీది కిప్పానుగూర్చి ఫిర్యాదు చేసెను. భవనములలోపల తలమీద ఏమియు నుండరాదనియు, ఆయుధము దాల్చి కాపలా కాయువారికి మాత్రమే మినహాయింపనియు నిబంధన. పైయధికారి మొదట మందలించి, తరువాత లేఖ వ్రాసి, ఆయన కొలువు పొడిగింపవలెనని తాను చేసిన సిఫారసును త్రిప్పివ్రాసెను. గోల్డ్‌మన్ న్యాయస్థానమున కెక్కెను.

అధికారుల వాదమును తేలికగా త్రోసివేయరాదు. నేను బడిపంతులుగా నున్న దినములలో కార్తికమాసము రాగానే అయ్యప్పదీక్ష పూనిన బాలురు నల్లబట్టలతో తరగతికి వచ్చెడివారు. ఒకనికి అనుమతించినచో మఱియొకడు వేఱొకటి కోరునను భయము ప్రధానోపాధ్యాయులకు తప్పదు. పిల్లలందఱు నొక్కటియను భావము ఉడుపువలన కొంత కలుగుమాటయు నిజమే. సేనలో ఆ భావముమీదనే ప్రాణములు నిలుచును. కాని వేషమునందలి పట్టుదల ఎంతవఱకు పోవునో మన దక్షిణదేశము ఎఱుగును. 1805లో మదరాసు సేనాని జాన్ క్రాడక్ సిపాయిలు బొట్టు పెట్టరాదనియు, గడ్డములు గొఱిగించుకొనవలెననియు, తోలుపట్టీగల క్రొత్త తలపాగ ధరింపవలెననియు ఉత్తరువు చేసెను. తెలుగువారు పెక్కుమంది యున్న సేన యది. 1806 జూలై 10వ తేదీన వేలూరుకోటలో జరిగినది మీరెఱుగనిది కాదు.

1986 మార్చి 25వ తేదీన అమెరికా సర్వోన్నత న్యాయస్థానము తీర్పు చెప్పెను. తొమ్మండుగురిలో ఐదుగురు సేనవైపు, నలుగురు గోల్డ్‌మన్‌వైపు. ఏది క్రమశిక్షణకు భంగకరమో సేనాధికారులే యెఱుగుదురని ఐదుగురి యభిప్రాయము. వారిలో నొకరు, కిప్పాను ఒప్పుకొన్నచో రేపు సిక్కుల తలపాగను, సచ్చిదానందాశ్రమపు యోగి కాషాయమును ఎట్లు కాదనగలమని సందేహించెను. మన కాషాయము ఆ దూరదేశపు తీర్పులోనికి ఎక్కుట నాకు వింతగా తోచినది. భిన్నాభిప్రాయము వ్రాసిన బ్రెనను అను న్యాయమూర్తి, సైనికులు మూడుంగరములు, ఒక కంకణము ధరించుటకు ఇదే నిబంధన ఒప్పుచున్నదిగదా యని యెత్తిచూపెను. నా మట్టుకు ఆ మాటకు జవాబు కనబడదు.

న్యాయస్థానము మూసిన తలుపును శాసనసభ తెఱచినది. అందులకు తోడ్పడిన వృత్తాంత మొకటి కలదు. తీర్పునకు రెండున్నర యేండ్లకు ముందు, 1983 అక్టోబరులో, ఆర్నోల్డ్ రెస్నికాఫ్ అను యూదు చాప్లెను చనిపోయిన యొక సైనికుని సంస్మరణ జరుపుటకు లెబనాను దేశమందలి బేరూతునకు పోయెను. శనివారము వారికి విశ్రాంతిదినము; ప్రయాణము నిషిద్ధము. అందుచేత ఆగిపోయెను. 23వ తేదీ ఆదివారము తెల్లవాఱుజామున పేలుడుపదార్థములు నింపిన బండి సైనికుల వసతిగృహమును ఢీకొనెను. 241 మంది అమెరికా సైనికులు మరణించిరి. శిథిలములలో గాయపడినవారి మొగములు తుడుచుటకు రెస్నికాఫ్ తన కిప్పానే తీసెను. అది నెత్తుటితో తడిసి పనికిరాకుండ పోయెను. అప్పుడు జార్జి పూచియరెల్లి అను రోమను క్యాథలికు చాప్లెను, తన సైనికపుటుడుపు నుండి ఆకుపచ్చ మచ్చల గుడ్డముక్క చించి, కిప్పాగా అతని తలపై నుంచెను. తాను క్రైస్తవుడనియు, ప్రక్కనున్నవాడు యూదుడనియు, ఇద్దఱును సేవచేయుచున్నారనియు ఆ క్షతగాత్రులకు తెలియవలెనని అతని కోరిక. ఏ యుడుపుపేర కిప్పాను కాదనుచుండిరో ఆ యుడుపు నుండియే ఈ కిప్పా పుట్టినది.

శాసనసభ చర్చలో ఈ వృత్తాంతము వినిపింపబడెను. 1987 సెప్టెంబరులో సెనేటు 55 మంది యనుకూలురు, 42 మంది ప్రతికూలురుగా ఒప్పుకొనెను; డిసెంబరులో శాసనమయ్యెను. సైనికోద్యోగి యెవడైనను మతసంబంధమైన వస్త్రమును ఉడుపుతో ధరింపవచ్చును. అది విధినిర్వహణకు అడ్డము రాకూడదు, శుభ్రముగను నిరాడంబరముగను నుండవలెను. 2017లో పదాతిసేన నిబంధనలు మఱియు సడలి, సిక్కుల తలపాగకును గడ్డమునకును అనుమతి సులభమయ్యెను.

చాప్లెను నోటిమాటను గూర్చిన వ్యాజ్యము మాత్ర మిట్లు తెగలేదు. తన మతస్థులు తమంత తాము వచ్చిన ప్రార్థనలో అతడు ఏ నామమైనను ఉచ్చరింపవచ్చును. దానిని ఎవరును కాదనలేదు. అన్ని మతములవారును ఆజ్ఞచే నిలువబడిన సభలో ఎవరి పేర ప్రార్థింపవలెను? అట్టిచోట ప్రార్థన ఏ యొక్కశాఖకును చెందనిదై యుండవలెనని 2006 ఫిబ్రవరిలో నౌకాదళము నియమము చేసెను. కొందఱు చాప్లెనులు అది తమ నాలుక కట్టివేయుటయే యనిరి. ఆ సంవత్సరముననే కాంగ్రెసు దానిని ఉపసంహరింపజేసెను. దాని స్థానమున ఏమి యుండవలెనో శాసనముచే చెప్పలేదు.