కరువును దాటించిన నగలు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఈ ప్రాంత చరిత్ర గూర్చి ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినారు. గండికోట గూర్చి వ్రాద్దామనుకున్నాను గాని, ఆ పని చేసిన పెద్దలు చాలామంది ఉన్నారు. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా 36 ఏండ్లు కరువు కాగితాలు నింపినవాణ్ణి గనుక, ఆ కాగితాలకెక్కని చరిత్ర ఒకటి మిత్రుల ముందుంచుతున్నాను. అది మన ఆడవారి నగల చరిత్ర.

బంగారు వ్యాపారం వల్ల ప్రొద్దుటూరుకు రెండవ బొంబాయి అని పేరు వచ్చిన సంగతి మీకు తెలిసినదే. ఆ బంగారం ధనవంతులు మాత్రమే కొన్నది కాదు. జమ్మలమడుగు నల్లరేగడిలో పత్తి, జొన్న పండించిన రైతులూ, పులివెందుల మెట్ట భూముల్లో వానకెదురు చూసే రైతులూ మంచి పంట వచ్చిన ఏడు అరతులమో, తులమో కొని ఇంటి ఆడవారి చేతికిచ్చేవారు. అది సోకు కోసమే అనుకుంటే పొరపాటు. వాన లేకుంటే బావి ఎండుతుంది, ఎద్దు చస్తుంది, భూమిని కొనే దిక్కుండదు. ఎండకు ఎండనిది బంగారం ఒక్కటే. పైగా అది స్త్రీధనం. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం స్త్రీ ఆస్తిపై ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. అంతకు ముందు కూడా భూమి మగవాని పేరనుంటే, నగ ఆడదాని ఒంటిమీద ఉండేది.

ఆ నగలన్నీ చేతిపనే. ఆచారి కుంపటి ముందు కూర్చొని, ఊదుగొట్టంతో నిప్పు రాజేసి, మూసలో బంగారం కరిగించి, గీటురాయి మీద వన్నె చూచి చేసేవాడు. తూకం గురిగింజలతో. తులానికి 96 గురిగింజలు. ఆ తులం 11.66 గ్రాములు, నేడు మనం 10 గ్రాములనే తులమంటున్నాము. గుండ్లు, బుగడలు వంటివి పలుచని రేకుతో చేసి, సొట్టపడకుండా లోపల లక్క పోసేవారు. అతుకులకు టంకం వేసేవారు. చేయించేటప్పుడు మజూరి, తరుగు మనమే ఇచ్చుకోవాలి. అమ్మేటప్పుడు మజూరికి విలువ లేదు, లక్కకు తీసివేత, టంకానికి తీసివేత. కరువులో నష్టం ఇక్కడే మొదలవుతుంది.

1876-78 నాటి ధాత కరువు మన జిల్లాను తీవ్రంగా పీడించింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యమూ, కొద్ది చిల్లరకు తగ్గించినాడు. ఆ కూలితో సంసారం ఎట్లా గడుస్తుంది? ఉన్నదమ్ముకోవలసిందే. ఆ ఏండ్లలో కరువు సీమల వెండి నగలు బొంబాయి టంకశాలకు చేరి కరిగిపోయినాయి. ఎందరి కడియాలో, ఎందరి మెట్టెలో, రూపాయి నాణేలై తిరిగివచ్చినాయి. ఆ నగలు తొడుక్కున్న వారి పేర్లు ఏ రికార్డులోనూ లేవు.

ఇక మా ఇంటి సంగతి. 1952 కరువు నాటికి నాకు రెండేండ్లు. ఊళ్లలో ప్రభుత్వం గంజి కేంద్రాలు పెట్టిన కాలమది. మాది జమ్మలమడుగు తాలూకాలో చిన్న సేద్యం. చొప్ప లేక ఎద్దులు లేవలేని స్థితికి వచ్చినాయి. మా అమ్మకు పెండ్లినాడు పెట్టిన గుండ్లపేరు ప్రొద్దుటూరు ఆచారి చేసినది. నాయన దాన్ని అమ్మటానికి తీసుకుపోయినాడు. ఇంట్లో 8 తులాలని లెక్క. లక్క, టంకం తీసివేసి కరిగిస్తే ఐదున్నర తేలింది. బజారు ధర తులం సుమారు 90 రూపాయలు ఉన్నా, అవసరానికి అమ్మేవానికి ఆ ధర ఎవరిస్తారు? ఆ డబ్బుతో చొప్ప వచ్చింది, ఎద్దులు బ్రతికినాయి. మరుసటి ఏడు విత్తనం పడింది. ఊరిలో మా నాయనను ఎద్దులు కాపాడుకున్న మొనగాడు అన్నారు. అమ్మ పేరు ఎవరూ ఎత్తలేదు.

మిగిలినవి బుగడలు. కరువు తగ్గినాక అమ్మ వాటిని కుదువ పెట్టి ఎనుమును కొంటానంది. "ఉన్నదదొక్కటే గదా, అదీ పోతే?" అని నాయన అడ్డుపడినాడు. "ఒంటిమీదుంటే ఒకసారే తింటాము. ఎనుమైతే పొద్దూమాపూ పెడుతుంది" అని ఆమె వినలేదు. పాలు హోటలుకు పోసి, నెయ్యి కాచి అమ్మి, రెండేండ్లలో బుగడలు విడిపించింది. నా హైస్కూలు ఫీజులు ఆ పాల డబ్బే. నేను గుమాస్తానయింది ఆ బుగడల పుణ్యమే.

ఆ తర్వాత 1963 జనవరిలో బంగారు నియంత్రణ నిబంధనలు వచ్చినాయి. కొత్త నగ 14 క్యారెట్లకు మించరాదన్నారు. ప్రొద్దుటూరులో కుంపట్లు ఆరిపోయి ఎందరో పనివారు వీధిన పడినారు. ఆ ఏడు పంట డబ్బుతో గుండ్లపేరు తిరిగి చేయిస్తానని నాయన అంటే, "ఆ తక్కువ వన్నెది కరువొస్తే ఎవరు కొంటారు?" అని అమ్మ వద్దంది. ఆమె నగను చూచిన చూపు అది. తర్వాత చేయించే వీలు చిక్కలేదు. 1968 చట్టం 1990లో రద్దయ్యే నాటికి ఆమె లేదు.

నగ వల్ల బ్రతుకు నిలిచే మార్గం మరొకటి ఉన్నదని నాకు మన జిల్లా బయట తెలిసింది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు సహాయ పనులకు నన్ను కృష్ణా జిల్లాకు పంపినారు. బందరు చిలకలపూడిలో రాగి, ఇత్తడి నగలకు బంగారు పూత వేసే పని ప్రసిద్ధం. పైకప్పు ఎగిరిపోయిన ఒక ఇంటి అరుగు మీద, నెత్తిన గుడ్డ కప్పుకొని ఒకామె గొలుసుకు కొక్కేలు అతుకుతున్నది. అమ్మితే నాలుగు డబ్బులు రాని నగ అది. కాని చేసే పని ఆమె చేతిలో ఉంది. మా అమ్మ నగను అమ్మి బ్రతికింది, ఈమె నగను చేసి బ్రతుకుతున్నది అనుకున్నాను. గాలివాన తీసుకుపోలేనిది ఆ చేతిపని.

చివరకు నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 1980ల నడుమ కరువు ఏండ్లలో పులివెందుల వైపు ఒక ఊరిలో నష్టం పట్టిక వ్రాస్తున్నాను. పంట, పశువులు, ఇండ్లు, బావులు, అన్నిటికీ గడులున్నాయి. ఒక ముసలామె బోసి చెవులు చూపించి, "నా కమ్మలు పోయినాయి నాయనా, అవి రాసుకోవా?" అని అడిగింది. దొంగలెత్తుకుపోయినారా అంటే, కాదు, మనుమని తిండికి అమ్మినానంది. "అవ్వా, దానికి గడి లేదు" అని చెప్పి పక్క ఇంటికి పోయినాను. మా అమ్మ కథ తెలిసినవాణ్ణి. పట్టిక చివర 'ఇతర వివరములు' అని ఒక గడి ఖాళీగానే ఉండింది. అందులో ఒక పంక్తి వ్రాసి ఉంటే పై అధికారులు కొట్టివేసేవారేమో; అయినా వ్రాసి ఉండవలసింది.

కాబట్టి మిత్రులకు నాదొక మనవి. మీ ఇంట్లో తల్లో, భార్యో, అక్కచెల్లెండ్లో ఏ కరువులో ఏ నగ అమ్మినారో, దేనికి అమ్మినారో అడిగి ఒక నోటుపుస్తకంలో వ్రాసిపెట్టండి. మనుమలూ మనుమరాండ్రూ చదువుకుంటారు. నా పుస్తకంలో మొదటి పంక్తి ఇది: 1952, గుండ్లపేరు, ఎద్దుల మేతకు. రెండవది బుగడలు, ఎనుముకు, విడిపించబడినవి. అవి ఈనాడు నా కోడలి చెవులకున్నాయి. మూడవ పంక్తి ఆ పులివెందుల అవ్వది. పేరు అడగలేదు గనుక ఆ గడి ఖాళీగానే ఉంచినాను.