ఆదర్శ గ్రామము: న్యూ హార్మనీ చరిత్ర

ఖరగ్‌పూరులో న్యూ సెటిల్‌మెంటు అను పేట కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై తరలిపోయిన ఆంధ్రుల మూలమున ఆ పట్టణము మనకు చిరపరిచితము. ఒక నివాసమునకు ‘క్రొత్త’ యని పేరిడినచో, అందు బ్రదుకును క్రొత్తది కాగలదను ఆశ మనకు స్ఫురించును. ఆ యాశనే నమ్మి పందొమ్మిదవ శతాబ్దమున కొందరు అమెరికాలోని ఒక గ్రామమున కాపురముండిరి. దాని పేరు న్యూ హార్మనీ. అనగా నూతన సామరస్యము.

ఇండియానా రాష్ట్రమున వాబాష్ నదీతీరమున 1814లో ఈ గ్రామమును స్థాపించినవారు జార్జి రాప్ అను జర్మను మతాచార్యుని అనుచరులు. సొంత ఆస్తిని విడిచి, ఏకవిశ్వాసముతో పాటుపడి, పదేండ్లలో వారు అడవిని ఊరుగా మార్చిరి. పిదప పెన్సిల్వేనియాకు తరలిపోవుచు గ్రామమును రాబర్టు ఓవెన్‌కు విక్రయించిరి. ఓవెన్ వేల్సు దేశీయుడు. స్కాట్లండులోని న్యూ లానార్కు నూలుమిల్లుల యజమాని. పనివారి బిడ్డలకై 1816లో అచట విద్యాలయము తెరచినవాడు. పరిసరములు మారినచో మానవుడును మారునని ఆయన సిద్ధాంతము.

1825లో ఆయన ఆహ్వానింపగా కొద్ది మాసములలోనే దాదాపు 800 మంది వచ్చి చేరిరి. ఎవరి పని విలువ వారి పేర జమ. సంఘపు అంగడిలో తెచ్చుకొన్న సరకు ఖర్చు. బిడ్డలకు చదువు, పెద్దలకు చర్చలు, సాయంకాలములందు సంగీతము, నాట్యము. 1826 జనవరిలో విలియం మెక్లూర్, థామస్ సే మొదలగు శాస్త్రజ్ఞులు పడవలో వచ్చిరి. దానికి ‘జ్ఞాననౌక’ యను పేరు వచ్చెను.

కాని సభలలో ప్రసంగించువారు పెక్కురు. వృత్తి నేర్చిన పనివారు కొందరే. ఆ ఫిబ్రవరిలో సర్వసమానత్వము నిబంధనగా వ్రాసికొనిరి. చెమటోడ్చువారికిని, ఊరకుండువారికిని ఒకే భాగమా యను సణుగుడు బయలుదేరెను. సంఘము ముక్కలై 1827 నాటికి విచ్ఛిన్నమయ్యెను. ఓవెన్ తన సంపదలో పెద్ద భాగమును కోల్పోయెను.

రాప్ అనుచరులు కలిసి కట్టుకొన్న ఇండ్లలోనే ఓవెన్ అనుచరులు కలిసి యుండలేకపోయిరి. ఇల్లు కొనవచ్చును, ఇరుగుపొరుగు పొత్తును కొనజాలము. ఖరగ్‌పూరులోను క్వార్టర్లు కట్టినది, హోదానుబట్టి పంచినది రైల్వేయే. అయితే 1927 నాటి కార్ఖానా సమ్మెలో ఐకమత్యమును సాధించుకొన్నవారు కార్మికులు. వారి నాయకులలో మన వి. వి. గిరిగారొకరు.

అట్లని న్యూ హార్మనీ వ్యర్థము కాలేదు. 1838లో మెక్లూర్ శ్రామికులకై స్థాపించిన సంస్థయొక్క గ్రంథాలయము నేటికిని నడచుచున్నది. ఓవెన్ కుమారుడు రాబర్టు డేల్ ఓవెన్ అమెరికా కాంగ్రెసు సభ్యుడై, 1846లో స్మిత్‌సోనియన్ సంస్థాపనకు తోడ్పడెను.

బదిలీ ఉత్తరువు రాగానే తాళపుచెవులు అప్పగించి పోవువారము మనము. మన క్వార్టరులో రేపు మరియొకరు కాపురముందురు. చందాలు వేసికొని కొన్న పుస్తకములు, పొరుగువారి బిడ్డలకు సాయంత్రము కూర్చుండబెట్టి నేర్పిన తెలుగు అక్షరములు మాత్రము మన వెనుక మిగులును. మన సంఘము ఈ పనిని మానకుండుగాక!